పలకని పేరు

మధ్యాహ్నం ఎండ బాగా కాసేటప్పుడే దాక్షాయణి రంగు చూస్తుంది. షాపులో లైటు కింద కనిపించే రంగును ఆమె ఏనాడూ నమ్మలేదు. ఆ రోజు కూడా ఒకావిడ తెచ్చిన చీర కొంగును గడప బయట ఎండలో పరిచి, పక్కన రెండు మూడు రవికె గుడ్డలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇది వంగపండు రంగు కాదమ్మా, నేరేడుకు దగ్గర. నా దగ్గరున్నవేవీ దీనికి కుదరవు. ఎదురుగా హేమలత మ్యాచింగ్ సెంటర్‌లో అడగండి, ఉంటుంది" అంది.

ఆమె చెవిలో పూస సన్నగా మోగింది. "మీ మాట హేమలత మ్యాచింగ్ సెంటర్‌కు జమైంది. కృతజ్ఞతలు."

"నీ కృతజ్ఞతలెవరిక్కావాలిలే" అంటూ దాక్షాయణి గుడ్డలు మడతపెట్టుకుంది.

చెవిపూసలు వచ్చాక జనం వెతకడం మానేశారు. వెనకటి రోజుల్లో ఫలానాది ఎక్కడ దొరుకుతుందని అడిగితే తెర మీద పది షాపుల పేర్లు వచ్చేవట. ఆ పదిలో ముందుండడానికి చిన్న వ్యాపారులు కూడా తమ వెబ్‌సైట్ల నిండా పనికొచ్చే మాటా, పనికిరాని మాటా కుక్కేవారట, పొగడ్తలు కొనుక్కునేవారట. పూసది ఒకటే జవాబు. అడిగినవాళ్ళ చెవిలో ఒక్క షాపు పేరు చెబుతుంది, కాళ్ళు అటే నడుస్తాయి. ఆ ఒక్క పేరు ఎవరిదో తేల్చేది మాటబరువు.

మాటబరువు కనిపెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనలేం. ప్రకటన అబద్ధం చెబుతుంది, పొగడ్తను కొనవచ్చు. కానీ గడపలోకి వచ్చిన బేరాన్ని వదులుకుని పోటీ షాపు పేరు తన నోటితో చెప్పే వ్యాపారి అబద్ధం ఎందుకు చెబుతాడు? అందుకని వ్యాపారులందరి చెవిలో పూస పెట్టించారు. ఎవరి పూస వాళ్ళ గొంతునే లెక్కిస్తుంది. ఒక షాపువాళ్ళు ఇంకో షాపు పేరు పలికి మనిషిని పంపిన ప్రతిసారీ ఆ రెండో షాపుకు బరువు పెరుగుతుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని తెనాలి అంతటా బోర్డులు కట్టారు. ఊరు నోరు మూసుకుంటే ఏమవుతుందో మాత్రం ఆ తెలివైనవాళ్ళకు తట్టినట్టు లేదు.

ఆ వారం దాక్షాయణి మనసు మనసులో లేదు. మాటబరువు ఒక గీత కిందికి జారితే ఆ షాపు పేరును పూస ఇక ఎవరికీ చెప్పదు. దాన్ని పలుకుగీత అంటారు. ఆమె షాపు నెలాఖరుకు ఆ గీత కిందికి పోతుందని పూస చల్లగా చెప్పింది. పోయిందంటే తలుపులు మూసుకోవడమే. పాతవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు, కొత్తవాళ్ళు పూస చెప్పందే పక్క గుమ్మం వైపైనా చూడరు. ఆ షాపు తప్ప ఆమెకు వేరే బతుకు తెలియదు.

"ఎదురు షాపు నుంచి నాకెంత బరువు వచ్చిందో మళ్ళీ చూడు" అంది పూసతో.

"హేమలత మ్యాచింగ్ సెంటర్ నుంచి మీకు మాటబరువు ఏదీ రాలేదు."

"నీకు చెవుడు. రోజూ అటునుంచి మనుషులు నడిచొస్తుంటే రాలేదంటావేం?"

నిజంగానే వచ్చేవారు. గుండీల వీధిలో ఈ రెండు షాపులూ ఎదురెదురుగా, ఒకే ఏడు తెరిచారు. ఒకరి దగ్గర లేని రంగు ఇంకొకరి దగ్గర ఉండేది. లేదని చెప్పి మనిషిని ఉత్తచేతులతో పంపడం ఇద్దరికీ తెలియదు. వదినా అంటే వదినా అని పిలుచుకున్నారు. హేమలత ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నప్పుడు దాక్షాయణి వీధికి అటూ ఇటూ పరిగెత్తి రెండు షాపులూ నడిపింది. అలాంటి హేమలతను అనుమానించడం కన్నా యంత్రానికి చెవుడనుకోవడమే ఆమెకు తేలిక.

ఇంతలో మెట్టు మీద కర్ర తగిలిన చప్పుడైంది. తెల్లకర్ర పట్టుకున్న ఒక అమ్మాయి గడప దగ్గర ఆగింది.

"రంగుల గురించి మాట్లాడుతున్నది మీరేనా అండీ?"

"నేనేనమ్మా. ఇంకో మెట్టుంది, జాగ్రత్త. రా, కూర్చో."

ఆ అమ్మాయి పేరు ఉదయశ్రీ. జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతుందట. సంచిలోంచి చీర తీసి ఇచ్చింది.

"పూస నన్ను ఎదురు షాపుకు తీసుకెళ్ళిందండీ. దీనికి కుదిరే గుడ్డ లేదన్నారు. పోనీ ఎక్కడ దొరుకుతుందండీ అనడిగాను. మాట లేదు. మళ్ళీ అడిగాను. ఆవిడ నా ముందే ఉన్నారు, గాజుల చప్పుడు వినపడుతూనే ఉంది. ఉలకరు, పలకరు. నావల్ల ఏమన్నా తప్పు జరిగిందేమో అనుకుని బయటికొచ్చేశాను. అప్పుడు మీ గొంతు వినపడింది."

"అబ్బే, హేమలత అలాంటిది కాదమ్మా. ఏ పరధ్యానంలో ఉందో" అంది దాక్షాయణి. చీరను ఎండలోకి పట్టుకెళ్ళి, సరైన గుడ్డ వెతికి, కత్తిరించి ఇచ్చి, ఆ అమ్మాయిని మెట్లు దింపింది. కానీ లోపలికి పోబుద్ధి కాలేదు. గడపలోనే నిలబడి ఎదురు షాపును చూసింది.

హేమలత ఎవరికో లేదని చెబుతోంది. ఆవిడ ఏదో అడిగింది. హేమలత పెదవులు బిగించి, గడ్డం ఎత్తి ఇటువైపు చూపించింది. ఆవిడ వీధి దాటి వచ్చింది.

"ఎదురావిడ ఏమన్నారమ్మా?" అనడిగింది దాక్షాయణి.

"ఏమీ అన్లేదండీ. ఇటు చూపించారు."

దాక్షాయణికి అప్పుడు వెలిగింది. అటునుంచి వచ్చినవాళ్ళంతా ఇదే మాట అనేవారు. పూస వినగలదు గానీ చూడలేదు. గడ్డానికి బరువు లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె పని.

వచ్చినావిడను కూర్చోమని చెప్పి, చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటింది.

"వదినా, నా షాపు పేరు నీ నోటితో పలికి ఎన్నాళ్ళయింది?"

హేమలత చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది.

"నేనేమన్నా మనుషుల్ని పంపడం మానేశానా వదినా? నువ్వే చెప్పు. ఒక్కరినైనా ఆపానా?"

"పంపావు. నోరు మెదపకుండా పంపావు."

"జశ్వంత్ చెప్పాడు." జశ్వంత్ వరుసకారుడు. షాపు పేరును వరుసలో ముందుకు జరపడం ఆ కుర్రాడి వృత్తి. "ఈ వీధిలో పూస ఒక్క మ్యాచింగ్ సెంటర్ పేరే చెబుతుంది, రెండిట్లో ఒకటే మిగులుతుంది అన్నాడు. నీ పేరు పలికితే నా చేతులతో నిన్ను పైకెత్తినట్టేనంట. నా షాపే మిగలాలనుకున్నా వదినా. అంతే."

"నేను రోజూ నిన్ను ఎత్తుతూనే ఉన్నాగా?"

"ఉన్నావు."

"అది తెలిసి కూడానా?"

హేమలత కత్తెరను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఏ శత్రువో చేసి ఉంటే దాక్షాయణి తిట్టిపోసి వచ్చేసేది. మనుషుల్ని పంపుతూనే మోసం చేసినదాన్ని ఏమని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

"నెలాఖరు ఇంకా రాలేదు వదినా. వచ్చినవాళ్ళకి నా పేరు నోరారా చెప్పు. నాకు వేరే ఏమీ వద్దు. ఇదిగో, ఇప్పుడే ఒక్కసారి అను."

హేమలత కళ్ళ నిండా నీళ్ళు. తన చెవిలోంచి పూస తీసింది. దాన్ని గుప్పిట్లో గట్టిగా మూసి, ఆ గుప్పిటను కొంగులో చుట్టి, దాక్షాయణి చెవి దగ్గరకు వంగింది.

"దాక్షాయణి మ్యాచింగ్ సెంటర్" అంది గుసగుసగా.

దాక్షాయణి ఆ గుప్పిటనే చూసి, వెనక్కి తిరిగింది. వీధి దాటుతుంటే ఆమెకు మొదటిసారి ఆ నిశ్శబ్దం తెలిసింది. ఒకప్పుడు ఈ వీధిలో "ఆ మూల సుబ్బయ్య గారి కొట్లో చూడండి", "పక్కన లేసుల షాపులో అడగండి" అన్న మాటలు పొద్దస్తమానం వినపడేవి. ఇప్పుడు ఒకాయన మోచేత్తో చూపిస్తున్నాడు, ఒకావిడ కళ్ళతో చూపిస్తోంది. తనొక్కతే ఇన్నాళ్ళూ వీధికంతా వినపడేలా పేర్లు చెబుతూ కూర్చుంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. హేమలత నోరు తెరవలేదు. పూస దాక్షాయణి పేరు మరిచిపోయింది. మిగిలిన గుడ్డల్ని ఒక టోకు వ్యాపారి మూటలు కట్టించుకుని పోయిన రోజున, ఆమె షట్టర్‌కు తాళం వేసి మెట్లు దిగుతోంది.

"కాస్త ఎవరైనా చెప్తారా అండీ? నా పూసలో చార్జింగ్ అయిపోయింది. మ్యాచింగ్ సెంటర్ ఎటు?"

వీధి మొదట్లో ఉదయశ్రీ నిలబడి ఉంది. గుండీలాయన గడ్డం ఎత్తి చూపించాడు. జిప్పులావిడ కళ్ళతో చూపించింది. దర్జీ టేపు పట్టుకున్న చేత్తో చూపించాడు. ఆ అమ్మాయి ముఖం అటూ ఇటూ తిప్పుతోంది. "ఎవరూ లేరా అండీ?" అంది మళ్ళీ, ఈసారి కాస్త భయంగా.

దాక్షాయణి గబగబా వెళ్ళింది. హేమలత షాపు పేరు అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చింది. పూస ఇంకా చెవిలోనే ఉంది. ఆమె ఆ పేరును మింగేసి, అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"ఎవరండీ మీరు?"

నోరు తెరిస్తే ఆ పేరే వచ్చేస్తుందని దాక్షాయణి పలకలేదు. పలకనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా పలకలేదు. మెల్లగా నడిపించి, హేమలత షాపు మెట్లు ఎక్కించి, చెయ్యి వదిలి ఒక అడుగు వెనక్కి వేసింది.

"రామ్మా, రా" అంది హేమలత లోపలినుంచి. అంతలోనే వెనకనున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"నన్నెవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారండీ. అడిగితే పలకలేదు" అంది ఉదయశ్రీ. "ఇక్కడే ఉన్నారా? ఎవరండీ వారు?"

దాక్షాయణి కదలకుండా ఎదురుచూసింది. ఇప్పుడు ఆమెకు షాపు లేదు, పెరగడానికి బరువూ లేదు. ఆ పేరు పలికితే ఎవరికీ పోయేదేమీ లేదు.

హేమలత గాజులు గలగలమన్నాయి. ఆమె దాక్షాయణి ముఖంలోకి చూసింది, చూపులేని ఆ అమ్మాయి వైపు తిరిగింది, పెదవులు బిగించి గడ్డం ఎత్తి చూపించింది.