అద్దాల వెనక ఇంజను

పొద్దున్నే పడవను రేవు ఒడ్డున బోర్లించి, అడుగుకు రంగు వేస్తూ కూర్చున్నాడు తండ్రి. వేసిన చోటే మళ్ళీ వేస్తాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి తల పక్కకు వంచి చూసుకుంటాడు. నచ్చక మళ్ళీ కుంచె ముంచుతాడు. నిజానికి ఆ పడవకు అంత రంగు అక్కర్లేదు. కూతురి కళ్ళలోకి చూడకుండా ఉండడానికి ఆయనకే ఏదో ఒక పని కావాలి.

కూతురిని ఇంట్లో అందరూ చురక అంటారు. చిన్నప్పటినుంచీ దాని మాట అలాగే తగిలేది మరి. బట్టల కొట్లో లెక్కలు రాసే ఉద్యోగం మానేసి, పడవ నడిపే పరీక్ష పాసై, ఇన్నేళ్ళూ తండ్రి కూర్చున్న చోట తను కూర్చోబోతోంది. నది మీది వంతెనను మరమ్మతుకని మూసేశారు. బడులు తెరిచాక అవతలి ఒడ్డు పిల్లల్ని దాటించే పని రేవు ఆఫీసువాళ్ళు చురక పేరు మీదే రాశారు. ఒకటే షరతు, పడవకు కొత్త ఇంజను ఉండాలి. పాత ఇంజను నది మధ్యలో అలిగి ఆగిపోతుందన్న సంగతి ఊరంతటికీ తెలుసు. సోమవారం అధికారి వచ్చి చూస్తాడు. అప్పటికి ఇంజను లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"నాన్నా, ఇవాళైనా ఇంజను తెచ్చేద్దామా?"

"రంగు ఆరనీ అమ్మా."

"రంగు వేస్తున్నది పడవకి. ఇంజనుకి కాదుగా."

"తొందరేముంది? మీ మోటార్ల మామయ్య దగ్గర భద్రంగా ఉంది. డబ్బంతా కట్టేశాం. ఎక్కడికీ పోదు."

మోటార్ల మామయ్య అంటే బజారు వీధిలో పడవ సామాన్లు అమ్మే ఆయన. చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. తండ్రి, ఆయన ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటూ మాటల్లో పడితే, ముందున్న టీ చల్లారిపోయేది.

రేవు పక్కనే ఉన్న ఇంట్లో, కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లి తల ఎత్తకుండానే అంది. "వారం నుంచీ ఇదే పాట వింటున్నాను. రంగు ఆరుతుందో లేదో గానీ నా ఓపిక ఆరిపోతోంది."

లంగరు తాడు కొనాలని చురక బజారుకు బయల్దేరింది. తాడు వంక మాత్రమే. ఇంజనును ఒకసారి కళ్ళారా చూసుకుందామని మనసు పీకుతోంది.

కొట్టు ముందు ఇనుప జాలీ దించి ఉంది. దానికి కొత్త తాళం, తాళానికి సీలు, పక్కన బ్యాంకువాళ్ళు అంటించిన నోటీసు. జాలీ సందుల్లోంచి చూస్తే అద్దాల వెనక ఎర్రటి ఇంజను మెరుస్తోంది.

"అన్నా, ఆ ఇంజను మాది. డబ్బంతా కట్టేశాం," అంది కాపలా కూర్చున్న మనిషితో.

"పొద్దుటినుంచీ వచ్చినవాళ్ళంతా అదే మాట అంటున్నారమ్మా. లైఫ్ జాకెట్లకి కట్టినాయన ఒకడు, వలలకి కట్టినాయన ఇంకొకడు. తాళం పడకముందు ఇంటికి తీసుకెళ్ళిందే మీది. లోపలుండిపోయింది బ్యాంకు లెక్కలోకి వెళ్తుంది. రసీదు ఉంటే ఆఫీసులో ఇవ్వండి. నెలలు పడుతుంది మరి."

మోటార్ల మామయ్యకు ఫోన్ చేసింది. స్విచాఫ్.

చురక ఇంటికి వచ్చి తండ్రి చేతిలోంచి కుంచె తీసి డబ్బాలో పడేసింది.

"కొట్టుకి తాళం పడింది. ఇంజను లోపలే ఉంది. ఇప్పుడు చెప్పు నాన్నా, డబ్బు కట్టిన రోజే ఎందుకు తెచ్చుకోలేదు?"

తండ్రి చేతులకంటిన రంగు తుడుచుకున్నాడు.

"బావే అడిగాడు. అల్మరాలన్నీ ఖాళీ అయిపోయాయి, ఈ ఒక్కటీ అద్దంలో కనిపిస్తుంటే నలుగురు లోపలికి వస్తారు, బడులు తెరిచేదాకా ఉంచనీ అన్నాడు. అమ్ముడైందని చీటీ కూడా అంటించొద్దన్నాడు. సరేనన్నాను."

"మన ఇంజనుని ఆయన కొట్టుకి అలంకారంగా పెట్టావా?"

"సగం ధరకే ఇచ్చాడే."

"ఎందుకు సగానికి ఇస్తున్నాడో అడిగావా?"

"అడగలేదు. తెలుసు."

లోపల కుట్టుమిషను ఆగిపోయింది. తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కంపెనీ సరుకు పంపడం మానేసిందని తెలుసు. అప్పులవాళ్ళు కొట్లోనే కూర్చుంటున్నారని తెలుసు. మన డబ్బుతో గట్టెక్కుతాడేమోనని ఆశపడ్డాను," అన్నాడు తండ్రి. "నీ చిన్నప్పుడు ఒళ్ళు కాలిపోయే జ్వరం. అవతలి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నది మధ్యలో ఇంజను ఆగిపోయింది. కేకేస్తే పెళ్ళికి వెళ్తున్న బావ పట్టుచొక్కాతోనే నీళ్ళలో దూకి ఈదుకుంటూ వచ్చాడు. అలాంటివాడు అడిగితే కాదనలేకపోయాను."

"ఆయన్ని గట్టెక్కించడానికి నన్ను ముంచావా నాన్నా?"

ఆ మాటకు తండ్రి మొహం వాడిపోయింది. అయినా చురక ఆగలేదు.

"ఆ రుణం నీది. తీర్చుకో, కాదనను. కానీ నా పేరు మీద, నాకు చెప్పకుండా కాదు."

"దానికే కాదు, నాకూ చెప్పలేదు," అంది తల్లి మెల్లగా. "అందులో నా కుట్టు డబ్బులు కూడా ఉన్నాయి. వద్దంటానని భయమా? నేనంత రాయినా?"

ఆ రెండు రోజులూ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఒక తోపుడుబండి వాకిట్లోకి వచ్చింది. ముందు లాగుతున్నది మోటార్ల మామయ్య, వెనక నెడుతున్నది ఆయన భార్య. బండి మీద బొంతలో చుట్టిన బరువైన మూట ఉంది. బొంత విప్పితే ఎర్రటి ఇంజను.

"మరి అద్దాల వెనకున్నది?" అంది చురక.

"పాడైపోయిన పాతదానికి రంగు వేసి నిలబెట్టానమ్మా. బ్యాంకువాళ్ళు వస్తారని కబురు తెలియగానే మీదాన్ని ఇంటికి చేర్చేశాను. మీరు డబ్బిచ్చింది, మీ సొత్తు."

"అయితే వెంటనే మాకెందుకివ్వలేదు? ఫోన్ ఎందుకు ఆపేశారు?"

ఆయన తల దించుకున్నాడు. "దీని పంకా, నీళ్ళని తోసే పంకా, అమ్మేసుకున్నాను. ఒకాయన అవసరంగా అడిగాడు, మా ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. కంపెనీ నుంచి ఇంకోటి తెప్పించి బిగించొచ్చులే అనుకున్నాను. వాళ్ళు పంపలేదు. పంకా లేని ఇంజను ఏ మొహం పెట్టుకుని తేను? ఇవాళ్టికి ఆయనకి నా స్కూటరిచ్చి వెనక్కి తెచ్చుకున్నాను. తప్పు చేశాను తల్లీ."

"వారంటీ?"

"కంపెనీ లెక్కలో నా కొట్టే లేదు. ఇంక వారంటీ ఎక్కడిది?"

చురకకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. దేన్నీ బయటపెట్టలేదు. "ముందు నీళ్ళలో దింపి చూద్దాం. తర్వాత మాట్లాడతాను," అంది.

మామయ్య ఇంజను బిగించాడు. ఒక్కో మర చేత్తో తడిమి చూసుకున్నాడు. మొదటి లాగుడుకు ఇంజను దగ్గింది. రెండోసారికి అందుకుంది. చురక చుక్కాని పిడి చేతిలోకి తీసుకుని, ఒడ్డున బిక్కమొహంతో నిలబడ్డ తండ్రి వైపు చూసింది.

"ఎక్కు నాన్నా. బరువుతో ఎలా లాగుతుందో చూడాలి."

నది మధ్యలోకి వచ్చాక ఆయన నోరు విప్పాడు. "చెబితే వద్దంటావని తెలిసే చెప్పలేదు. అదే నా తప్పు. డబ్బు కట్టడం కాదు."

"వద్దనేదాన్నే," అంది చురక. "కానీ మామయ్యని వదిలేద్దామని అనేదాన్ని కాదు నాన్నా. ఇంకో దారి వెతికేదాన్ని. నీకు ఆయన మీదున్న నమ్మకం నా మీద లేకపోయిందే అని ఏడుపొచ్చింది."

తండ్రి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. చురక కూడా తుడుచుకుంది, ఎండ కళ్ళలో పడుతోందని ఒక అబద్ధం ఆడి.

సోమవారం అధికారి వచ్చాడు. పడవంతా తట్టి చూశాడు. ఇంజను నడిపించి విన్నాడు. అంతా బాగుందన్నాడు. తర్వాత వారంటీ కాగితం అడిగాడు.

"లేదు సార్," అంది చురక.

"ఎక్కేది పిల్లలమ్మా. ఇంజను మొరాయిస్తే ఎవరు చూస్తారు? సర్వీసు చేసే కొట్టు పేరు ఇక్కడ రాయాలి."

తండ్రి నేల చూపులు చూశాడు. దూరంగా, వాళ్ళు సామాన్లు పెట్టుకునే పాక పక్కన నిలబడ్డ మోటార్ల మామయ్య, నూనె గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని మెల్లగా వెళ్ళిపోబోయాడు.

"కొట్టు లేదు సార్, మనిషున్నాడు," అంది చురక. "రోజూ మొదటి ట్రిప్పుకి ముందు ఇంజను విప్పి చూస్తాడు. ఆయన సరేనంటేనే పిల్లల్ని ఎక్కిస్తాను. మామయ్యా, ఇలా రా."

ఆయన నమ్మలేనట్టు ఆగిపోయాడు. తల్లి గుమ్మంలోంచి అంది. "పిలుస్తోంది కదా అన్నయ్యా, రండి. పాకలో సగం మీ పనిముట్లకే. మిగతా సగంలో ఈయన రంగు డబ్బాలు పెట్టుకుంటారు."

అధికారి కలం మామయ్య చేతికిచ్చాడు. కొట్టు పోయినప్పుడు, స్కూటరు పోయినప్పుడు తొణకని మనిషి, తన పేరు రాయాల్సిన చోట కలం ఆనించి ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు నిండి ఆ గీత కనిపించడం లేదు.

చురక కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"నెమ్మదిగా రాయి మామయ్యా," అంది. "పిల్లలు రేపు గానీ రారు."