సాయంత్రం పూట భూకంపం

సుమన మా గడప దగ్గరికి మొదటిసారి వచ్చింది ఒక స్ప్రింగు కోసం.

రెండు వేల ఇరవై, లాక్‌డౌన్ మొదలైన కొత్త. సూరత్‌లో మా లింబాయత్ వాడలో సాంచాలన్నీ ఆగిపోయాయి. సాంచా అంటే మరమగ్గం. మా కింది గదిలో నాలుగున్నాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయిన వాణ్ణి, అది లేకపోయేసరికి సొంత ఇల్లే పరాయిదైనట్టు ఉండేది. గోడ కలిసిన పక్కింట్లోకి అంతకు కొద్దిరోజుల ముందే అదే ఊళ్లోని వడోద్ నుంచి వచ్చి అద్దెకు దిగారు వాళ్లు. తండ్రీ కూతుళ్లిద్దరే.

మాస్కు కట్టుకుని, మెట్టు కింద నిలబడి, నమస్కారం కూడా లేకుండా అడిగింది.

"సాంచా స్ప్రింగొకటి కావాలె. ఉంటె ఇస్తవా?"

"ఎందుకు?"

"భూమి ఊగితే తెలుసుకోనీకి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వుడైందా? అయితే ఇయ్యి."

"నడిచే సాంచాకున్న స్ప్రింగు ఇప్పియ్యాల్నా నీకు?"

"నడుస్తుందా? మరి చప్పుడు ఇనొస్తలేదేంది?"

పానా తెచ్చి స్ప్రింగు ఊడదీసి ఇచ్చాను. ఆగిపోయిన మగ్గాన్ని ఎవరైనా వెక్కిరిస్తే ఒళ్లు మండాలి. నాకు మండలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు ఉండబట్టలేక వాళ్ల గడప దగ్గరికి వెళ్లాను.

"నా స్ప్రింగును ఏం చేసినవ్?"

"ఆణ్ణుంచే చూడు. లోపలికి రాకు."

గది మూలన, నేల మీద ఒక డబ్బా. అందులో నా స్ప్రింగుకు ఒక అయస్కాంతం వేలాడుతోంది. దాని చుట్టూ, కాలిపోయిన మోటారు నుంచి వాళ్ల నాన్న తీసిచ్చిన రాగితీగ చుట్ట. నేల కదిలితే అయస్కాంతం ఊగుతుంది, తీగలో పిసరంత కరెంటు పుడుతుంది. ఆ పిసరును పెద్దది చేయడానికి ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, అక్కడి నుంచి పాత లాప్‌టాప్‌కి వైరు. తెర మీద సన్నటి గీత ఒకటి సాగిపోతోంది. నేను గట్టిగా తుమ్మితే గీత ఉలిక్కిపడింది. సుమన గీతను చూడలేదు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి జరిగింది.

"దుమ్ము," అన్నాను.

"అందరు గట్లనే అంటరు."

ఆమె బీఎస్సీ ఆఖరి ఏడాది. కాలేజీ ఫోన్లోకి వచ్చేసింది. ఇలాంటి యంత్రాలు ఇంట్లోనే తయారుచేసి, గీతలు ఒకరికొకరు పంపుకునే వాళ్లదొక గ్రూపు ఉందట, దేశమంతా ఉన్నారట.

"సాంచాలు నడిస్తే అన్నీ పిచ్చిగీతలే పడ్తయ్. ఇప్పుడు లింబాయత్ మొత్తం నిమ్మళంగుంది. గిట్లాంటి మోకా మల్ల రాదు," అంది.

మగ్గాలు ఆగాయని అందరూ ఏడుస్తుంటే అది మంచి అవకాశమని చెప్పిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

అప్పుడే వాళ్ల నాన్న లక్ష్మీరాజం లోపలి నుంచి వచ్చాడు. ఆయన జాబర్, అంటే చెడిపోయిన సాంచాలను బాగుచేసే మేస్త్రీ. "మంచిగున్నవా కాకా," అని పలకరించాను. ఇంటికి రాగానే మా అమ్మ బాలవ్వ పట్టుకుంది.

"కాక ఏందిరా? ఆయన నీకు కాకైతే ఆ పిల్ల ఏమైతది?"

"ఏమైతది?"

"చెల్లె అయితది, పిచ్చోడా. మామ అను."

మర్నాటి నుంచి మామా అన్నాను. ఆయనేమీ అనుకున్నట్టు లేదు.

సుమన రోజూ సాయంత్రం డాబా ఎక్కేది. కింద నెట్ సరిగా అందదని, ఆ రోజు గీతలు పైనుంచి గ్రూపుకు పంపేది. మా డాబాకూ వాళ్ల డాబాకూ మధ్య మోకాలెత్తు గోడ. ఊరికే నిలబడి ఆడపిల్లను చూద్దామంటే కుదరదు. లాక్‌డౌన్‌లో సాయంత్రమైతే వాడ మొత్తం డాబాల మీదే ఉండేది. అందుకని ఒక పని కల్పించుకున్నాను. గట్టి తాడొకటి పేనుకుని స్కిప్పింగ్ మొదలుపెట్టాను. తాడు తిప్పే మనిషి ఎటు చూసినా ఎవరూ తప్పు పట్టరు.

"గంత గనం దుంకుతవేంది? పెండ్లి కుదిరిందా?"

"ఫిట్‌నెస్."

"సన్నగనే ఉన్నవ్ గద."

"గిట్లనే ఉండాల్నంటే దుంకాలె."

ఆమె నవ్వితే నాకు ఇంకాస్త ఎత్తుకు ఎగరాలనిపించేది. ఎగిరేవాణ్ణి.

ఒక సాయంత్రం ఫోను ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"రాంప్రసాద్, భూమి ఊగుతుంది!"

నేను తాడు ఆపి గోడ పట్టుకున్నాను.

"ఇప్పుడు కాదు. నిన్న, మొన్న. రోజూ సాయంత్రమే. నేను పైకొచ్చిన జరసేపటికి మొదలైతది, నేను కిందికి పోయేసరికి బంద్. ఒక్కసారి గూడ కండ్లార చూడలే. గ్రూపుల పెద్దాయన ముందు చుట్టుపక్కల వెతుకుమన్నడు. ఏం వెతకాలె? సాంచాలు బంద్, బండ్లు బంద్."

"భూమి లోపల ఏమున్నదో ఎవరికెరుక?" అని పెద్దమనిషిలా చెప్పి, మళ్లీ తాడు అందుకున్నాను.

కొన్నాళ్లకు సుమన ఆ మాట ఎత్తడం మానేసింది. కానీ అప్పటికే లక్ష్మీరాజం ఆ గీతలు చూశాడు. ఆయన సూరత్ వచ్చిన కొత్తలో పెద్ద భూకంపం వచ్చింది. కళ్లముందే ఒక బిల్డింగు కూలడం చూసిన మనిషి. ఆ భయం ఆయనకు ఇంకా పోలేదు. ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మతో గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"పని లేకపాయె. పైనుంచి రోగం. ఇప్పుడు భూమి గూడ ఊగబట్టె. ఇగ చాలక్కా. మనోళ్లు బస్సు మాట్లాడిండ్రు, పాస్ గూడ దొరికింది. పొద్దుగాల సిరిసిల్లకు పోతున్నం."

"మల్లెప్పుడొస్తరు?" అంది అమ్మ.

"వచ్చుడెక్కడిది? ఉన్నదో లేందో ఆడనే తింటం."

లోపల్నుంచి నేను విన్నాను. ఆ అమ్మాయి వెళ్లిపోతే సాంచాలు నడిచినా నడవకపోయినా నాకు ఒకటేనని, ఆ క్షణంలోనే తెలిసింది.

ఆ సాయంత్రం తాడు తీసుకోకుండానే డాబా ఎక్కాను. సుమన అప్పటికే గోడ దగ్గర ఉంది.

"మీ బాపుకు చెప్పు. గీత పడంగనే భూకంపమైతదా?" అన్నాను.

ఆమె లాప్‌టాప్ తెచ్చి గోడ మీద పెట్టింది. "నువ్వు చూసి చెప్పు, ఏమైతదో."

వరసగా గీతలు. కాసేపు దబదబా పళ్లు పళ్లుగా, తర్వాత ఊపిరి తీసుకున్నట్టు ఖాళీ, మళ్లీ దబదబా.

ఒక తేదీ మీద వేలు పెట్టాను. "ఈ రోజు ఊగలేదే?"

"ఆనాడు వాన పడ్డది. ఎవ్వరం పైకి రాలే."

"మరి ఈ రోజు?"

"ఆ రోజు నీకు కాలు బెణికింది," అంది సుమన. "జర మంచిగ చూడు."

చూశాను. గీతను కాదు, ఆమెను. మాస్కు పైన కళ్లు నవ్వుతున్నాయి, నీళ్లు కూడా నిండి ఉన్నాయి. నాకు చెవులు వేడెక్కాయి.

"నీకు తెల్సా?"

"ఒకనాడు పైకి రాకుండ కిందనే కూసున్న. జరసేపు ఊగి ఆగిపోయింది. నువ్వు మా డాబా దిక్కు తొంగి చూసి, దిగి పోయుంటవ్."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే దుంకుడు బంద్ చేస్తవని."

"మామకైన చెప్పాలె గద!"

"ఏమని చెప్పాలె? పక్కింటాయన నన్ను చూడనీకి దుంకుతుండు, బాపూ, అనాల్నా? అది నేను చెప్పే మాటనా?"

నిజమే. అది నేను చెప్పే మాట.

కిందికి దిగి వాళ్ల గడప దగ్గరికి వెళ్లాను. లక్ష్మీరాజం మూటలు కడుతున్నాడు.

"మామా, భూమి ఊగుతలేదు. నేనే దుంకుతున్న."

ఆయన తాడు ముడి వదిలిపెట్టి చూశాడు. మరమ్మతుకొచ్చిన సాంచాను కూడా అలాగే చూస్తాడని విన్నాను.

"పైకి పో. దుంకు."

సుమన లాప్‌టాప్ కిందికి తెచ్చి మళ్లీ డబ్బాకు తగిలించింది. నేను పైకి పోయాను. తాడు తీసుకుని మా డాబా మీద దుంకాను. కింద కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది. "ఆపు!" ఆపాను. "దుంకు!" దుంకాను. "ఆపు!" చుట్టుపక్కల డాబాల మీది జనమంతా తమ పనులు మానుకుని మమ్మల్నే చూస్తున్నారు. ఆయనకు నమ్మకం కుదిరేదాకా నన్ను వదల్లేదు. రొప్పుతూ దిగివచ్చేసరికి ఆయన లాప్‌టాప్ ముందు గొంతుక్కూర్చుని, ఒక అరచెయ్యి నేలకు ఆనించి ఉన్నాడు.

"రోజు గదే టైముకు ఎందుకు దుంకుతవ్?"

దాచకుండా చెప్పాను. "గప్పుడే సుమన పైకొస్తది, మామా. చూడకుంటే ఆ దినం నాకు ఎట్లనో అయితది. మీరు సిరిసిల్లకు పోతె నేను బతకలేనని కాదు. బతుకుత. కని మంచిగ బతకను."

సుమన తలుపు చాటున ఉందని నాకు తెలుసు. ఆమె ఇవతలికి వచ్చి, వాళ్ల నాన్న పక్కన నిలబడి, తల వంచుకోకుండా అంది.

"నాకు గూడ పోవాల్నని లేదు, బాపూ."

లక్ష్మీరాజం తెర వైపు చూశాడు. తెర మీద గీత సన్నగా, నిలకడగా సాగుతోంది. తర్వాత జేబులోంచి ఫోను తీసి, బస్సు మాట్లాడినతనికి చేశాడు.

"మా సీట్లు వేరేటోళ్లకియ్యి. మేం వస్తలేం... భూకంపం గాదే. పక్కింటి పోరడు."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "రేపట్నుంచి పైన దుంకుడు బంద్. బిల్డింగ్ పాతది. చూడాలనుంటే తలుపు ఈడున్నది, ఈడికెల్లి రా. పోయి మీ అవ్వను తోల్కరాపో."

నేను వెనక్కి తిరిగాను. తోల్కరావాల్సిన పని లేకపోయింది. మా అమ్మ ఉతికిన మాస్కు కట్టుకుని, అప్పటికే గడప అవతల నిలబడి ఉంది.