పద్నాలుగు మీద వదిలేసిన రెంచ్

చీఫ్ బల్ల మీద రెండు ఫొటోలు పెట్టాడు. ఒకటి తాళంచెవిది. రెండోది ఉక్కు ముక్కది.

"ఆనకట్ట కంట్రోల్ రూమ్ తాళంచెవి. కొలతలు ఒక విదేశీ ముఠా చేతికి చిక్కాయి. డూప్లికేట్ కోయడానికి ఈ ముక్క తెప్పించుకున్నారు. ఇలాంటి ఉక్కు ఇంకెక్కడా దొరకదు. వాళ్ల దగ్గరున్నది ఈ ఒక్కటే."

"గేట్లు తెరిస్తే?"

"దిగువన మూడు ఊళ్లు. మధ్యది మీ చెల్లెలిది."

ఏజెంట్ స్పానర్ ఉక్కు ముక్క ఫొటోని దగ్గరికి లాక్కున్నాడు. స్పానర్ అన్న పేరు అతనికి ఊరికే రాలేదు. డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు మేనమామ షెడ్డులో ఆరేళ్లు గ్రీజు పూసుకున్నాడు.

"వాళ్ల మిల్లింగ్ మెషీన్‌లో కప్లింగ్ పగిలింది. మెకానిక్ కోసం చేసిన ఫోన్ మనం ఎత్తాం. వెళ్లి బాగు చెయ్యి. తాళంచెవి మాత్రం బాగా రాకూడదు."

"లోపల మనవాళ్లు?"

"ఒకావిడ. మీ వాచీ ఆగినట్టుంది అంటుంది. ఆగలేదు, తొందర లేదంతే అను."

"అనకపోతే?"

చీఫ్ ఫొటోలు సర్దుకున్నాడు. "ఆవిడ మన మనిషి కాదనుకో."

మధ్యాహ్నం రెండింటికి వాళ్ల వర్క్‌షాపులో స్పానర్ వెనక షట్టర్ దిగింది. కోటు వేసుకున్న విదేశీయుడు దానికి తాళం వేసి, చెవి జేబులో పడేసుకున్నాడు.

"పని అయ్యేవరకూ ఎవరూ బయటికి వెళ్లరు," అన్నాడు వచ్చీరాని భాషలో. అయ్యాక వెళ్లనిస్తాడో లేదో అతని నవ్వులో తెలియలేదు.

నాలుగు పక్కలా ఇనుప రేకులే. కిటికీ లేదు. స్పానర్ జేబులోని పెన్ను ట్రాన్స్‌మిటర్ లోపలికి అడుగుపెట్టగానే మూగబోయింది.

మెషీన్ పక్కన ముగ్గురు నిలబడ్డారు. కోటు మనిషి, తెల్ల మీసాల ఫోర్‌మన్, కొలతలు చూసే మేడమ్. సిల్కు చీర, ఎర్రటి గోళ్లు, చేతిలో మైక్రోమీటర్ చెక్కపెట్టె. ఆమె స్పానర్ వాచీ వైపు చూసింది. ఏమీ అనలేదు.

అయితే ఈవిడ మన మనిషి కాదు.

పని మొదలుపెట్టాడు. సర్వో మోటారు షాఫ్టునీ, మెషీన్ బల్లని జరిపే పొడవాటి స్క్రూనీ కలిపేది కప్లింగ్. నాలుగు స్క్రూల బిగువే దాని పట్టు. పట్టు జారితే మోటారు తిరుగుతుంది, బల్ల వెనకబడుతుంది. ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ మోటారు వెనక ఉంది కనక మెషీన్‌కి ఆ సంగతి తెలియదు.

అందుకే షాఫ్టుకి సన్నగా నూనె రాశాడు.

"ఆగవయ్యా," అన్నాడు ఫోర్‌మన్. గుడ్డ థిన్నర్‌లో ముంచి షాఫ్టు తళతళలాడేలా తుడిచాడు. "నూనె మీద కప్లింగ్ ఎక్కిస్తావా? నీకు పని నేర్పినవాడెవడు?"

"మా మామయ్య."

"ఆయన దగ్గర నిద్రపోయినట్టున్నావ్."

ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. స్పానర్ మోటారుని సుత్తి తగలకుండా చేత్తోనే నెట్టి కూర్చోబెట్టాడు. కప్లింగ్ ఎక్కించాడు. తన టార్క్ రెంచ్ తీశాడు. పిడి మీద పెట్టిన అంకె దాకా స్క్రూ బిగిస్తే అది టక్‌మంటుంది.

"అది పక్కన పెట్టు. ఇక్కడ నా రెంచే," అని ఫోర్‌మన్ తన పెట్టె తెరిచాడు.

రెంచ్ పిడి మీద గీత అప్పటికే పద్నాలుగు దగ్గర ఉంది. అంకెల సందుల్లో దుమ్ము పేరుకుంది. కొన్నేళ్లుగా దాన్నెవరూ వెనక్కి తిప్పలేదు.

స్పానర్ చెంప చురుక్కుమంది. అలా బిగువు మీద వదిలేసినందుకే మామయ్య ఒకసారి చెంప పగలగొట్టాడు. స్ప్రింగు నొక్కుకుపోయి నీరసిస్తుందిరా, పద్నాలుగు రాకుండానే టక్‌మంటుంది, నువ్వేమో బిగిసిందనుకుంటావు.

ఎంత నీరసించిందో మరి. జారేంతా, జారనంతా?

"మీ చేత్తోనే బిగించండి అన్నా," అన్నాడు వినయంగా. "నా పని మీద మీకు నమ్మకం లేదుగా."

ఫోర్‌మన్ మీసం కదిలింది. ఎదురెదురు స్క్రూలు కొద్దికొద్దిగా బిగించాడు. టక్. టక్. టక్. టక్. చివర కప్లింగ్ మీంచి షాఫ్టు మీదికి పసుపు రంగుతో గీత గీశాడు. జారితే ఆ గీత విరుగుతుంది.

మెత్తటి అల్యూమినియం ముక్క మీద ట్రయల్ కట్ చేశారు. మేడమ్ కొలిచింది. "పాస్."

గీత చెక్కుచెదరలేదు. కోటు మనిషి అసలు ఉక్కు ముక్కని బిగించాడు. మరో చెయ్యి కోటు లోపలికి వెళ్లింది. మెకానిక్‌తో పని అయిపోయింది మరి.

మొదటి గాడి. సరిగ్గా. రెండోదీ సరిగ్గానే. చెల్లెలి ఇంటి మెట్లు స్పానర్ కళ్లముందు నీళ్లలో మునిగాయి. మిగిలింది ఒక్కటే గాడి, అన్నిటికన్నా లోతైనది.

కటర్ గొంతు మారింది.

ఫోర్‌మన్ చెయ్యి ఎర్ర బటన్ మీదికి వెళ్లింది.

"తియ్యండి చెయ్యి," అంది మేడమ్. "మధ్యలో ఆపితే ఉక్కు మీద మచ్చ పడుతుంది. అలాంటి ముక్క నేను పాస్ చెయ్యను. స్క్రీన్ చూడండి, అంకెలు నిక్షేపంగా ఉన్నాయి."

ఫోర్‌మన్ స్క్రీన్ చూశాడు. మెషీన్ చెప్పింది నమ్మాడు. ఆ మూడు క్షణాలు చాలు. కటర్ రెండు గాడుల మధ్య గోడని కొరుక్కుంటూ పోయింది. పసుపు గీత రెండు ముక్కలై, చెరో దిక్కు చూస్తోంది.

కోటు మనిషి పిస్తోలు తీశాడు. అప్పటికే అతని చెవి వెనక ఇంకో పిస్తోలు ఉంది. మైక్రోమీటర్ చెక్కపెట్టె ఖాళీగా తెరుచుకుని ఉంది.

"కింద పడెయ్," అంది మేడమ్. షట్టర్ తాళంచెవి అతని జేబులోంచి తీసి స్పానర్‌కి విసిరింది. "మీ వాచీ ఆగినట్టుంది."

"ఇప్పుడా అడిగేది?"

"ఇందాక అందరి ముందూ అడిగి అనుమానం తెప్పించమంటారా? జవాబు చెప్పండి."

"ఆగలేదు. తొందర లేదంతే."

ఇద్దరి చేతులూ కట్టేశాక స్పానర్ రెంచ్ తీసుకుని, పిడిని నెమ్మదిగా సున్నా దాకా తిప్పాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు నేల మీంచి ఫోర్‌మన్.

"పనయ్యాక వదులు చెయ్యాలి, అన్నా," అంటూ స్పానర్ దాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాడు. "మీ తాళ్లు మాత్రం ఇంకాసేపు బిగువు మీదే ఉంచుతాం."