నీడలో నల్ల గుండు

స్వరూప డబ్బా తలుపు తీసి వత్తికి నీళ్లు పోసింది. తెల్లరంగు వేసిన చెక్క డబ్బా అది. నాలుగు వైపులా గాలి ఆడే పలకలు, లోపల వేడిని కొలిచే మూడు కొలమానాలు: పొడి గాజు, తడి వత్తి, నల్ల గుండు. గుండు బత్తాయి అంత ఉంటుంది. రాగి రేకుతో చేసి మసిరంగు పూశారు. దాని మీది దుమ్ము తుడిచి మళ్లీ కొక్కేనికి తగిలించింది. డబ్బా కింద పచ్చిక తడిగా ఉంది. ఈ వేసవిలో ఓరుగల్లు మొత్తానికి పచ్చగా ఉన్న నేల విశ్వవిద్యాలయంలోని ఈ జానెడు ముక్కే. పచ్చికను తడపాలని నిబంధన ఉంది. మనుషులను తడపాలని ఏ నిబంధనలోనూ లేదు.

ఈ వారం ఆమె ఒప్పరి. భౌతికశాస్త్రం చివరి ఏడు చదువుతూ చట్టాలకు కొలతలు కట్టే విధానశాలలో సీటు సంపాదించిన ప్రతి విద్యార్థికీ ఏదో ఒక వారం ఆ వంతు వస్తుంది. పొద్దున్నే తూకం అనే యంత్రం ఆనాటి వేడిని చదివి, ప్రమాద గీత దాటిందో లేదో వినిపిస్తుంది. ఒప్పరి "ఒప్పు" అంటుంది. అంతటితో జిల్లాలో బయటి పనులన్నీ సాగిపోతాయి.

చెవికి తగిలించుకున్న చెవిపలుకు మోగింది. చిన్నమ్మ కొమురమ్మ.

"బిడ్డా, లస్మక్క పోయిందే. తెల్లారంగ దవఖానల పానం ఇడిసింది."

స్వరూప పచ్చిక మీదే నిలబడిపోయింది. అద్దాల చెల్కలో చిన్నమ్మకు జోడీగా సౌరపలకలు కడిగేది లస్మక్కే. నిన్న మధ్యాహ్నం రెండు వరుసల నడుమ పడిపోయిందని రాత్రే తెలిసింది. లేచి కూర్చుంటుందిలే అనుకున్నారు.

"ఏమని రాసిన్రు చిన్నమ్మా?"

"సొంత జబ్బట. నిన్న గీత దాటలేదంట గద, గందుకే ఎండ దెబ్బ కాదట. పైస గూడ రాదన్నరు. ఇయ్యాల ఆమె వరుస గూడ నన్నే కడగమన్నడు మేస్త్రి."

"ఇయ్యాల పోకు. నా మాటిను."

"పోకుంటె పని పోతది. ఏం గాదు తియ్యే. గీత దాటితె ఆపుతరని నువ్వే గద చెప్పినవ్. దాటలేదేమో మరి."

ఫోను పెట్టేసినా ఆ చివరి మాట చెవిలోనే ఉండిపోయింది. చిన్నమ్మ తిట్టి ఉంటే బాగుండేది. నమ్మింది, అదే భరించరాకుండా ఉంది.

వేడిగీతను తెచ్చింది విద్యార్థులే. శాస్త్రం చదివినవాళ్లే చట్టం రాయాలని సచివాలయం ముందు వారాల తరబడి కూర్చుని సాధించారు. గీత దాటిందని ఒప్పరి చెబితే పొద్దుగూకేదాకా పని బంద్, కూలి మాత్రం పూర్తిగా. దాన్ని ఏ మంత్రీ ఆపలేడు. కొలత తప్పని తేలితే, ఆ కొలతతో తూచిన రోజులన్నిటినీ తూకం మళ్లీ తూచాలి. దానికి తిరగతూకం అని పేరు పెట్టింది కూడా వాళ్లే. ఆ రాత్రి హాస్టల్లో బిర్యానీ వండుకుని పండగ చేసుకున్నారు. మూడు వేసవులు గడిచాయి. గీత ఒక్కసారి కూడా దాటలేదు. ఊరి మొదట్లో "వేడి చావులు లేని జిల్లా" అని ప్రభుత్వం బోర్డు పెట్టింది. ఆ బోర్డు నాటిన కూలీకి వడదెబ్బ తగిలితే దాన్నీ సొంత జబ్బు కిందే రాశారు.

స్వరూప మళ్లీ డబ్బా తెరిచింది. గుండును అరచేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. నల్లరంగు పూసిందే ఎండ తాగడానికి. అలాంటి గుండు తెల్లడబ్బాలో, నీడలో, తడి పచ్చిక మీద హాయిగా వేలాడుతోంది. వారం నుంచి రోజూ తుడిచింది. చూసింది. ఆలోచించలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

గుండు చేతపట్టుకునే విధానశాలకు వెళ్లింది. ఓదెలు తెర ముందు కూర్చుని ఉన్నాడు. గణాంకశాస్త్రంలో పరిశోధకుడు, గీత సాధించిన తొలి జట్టులో మిగిలిన ఒక్కడు. కొలతల ఏర్పాటంతా అతనిదే.

"ఓదెలన్నా, గుండు డబ్బల ఎందుకున్నది?"

"మొదటికెల్లి ఆడనే ఉన్నది గదా."

"ఎందుకని అడుగుతున్న."

అతను కుర్చీ ఇటు తిప్పాడు. "బయట పెడితె మబ్బు వచ్చినప్పుడల్లా అంకె దుంకుతుండె. గాలి కొడితె పడుతుండె. గంత గజిబిజిగుంటె తూకం చెత్త అని పడేస్తుండె. లోపల పెట్టినం, నున్నగ వచ్చింది. అప్పటిమట్టుకే అనుకున్నం. తర్వాత గట్లనే నడిచింది."

"నున్నగ వచ్చింది!" స్వరూప గుండును అతని మొహం ముందు పెట్టింది. "లస్మక్క సచ్చిపోయిందన్నా. నున్నటి గీత కింద సచ్చిపోయింది."

ఓదెలు మళ్లీ తెర వైపు తిరిగాడు. ఆ నున్నటి గీత మీద ముగ్గురికి బంగారు పతకాలు వచ్చాయి, ఇద్దరు విదేశాల్లో ప్రసంగాలు చేసి వచ్చారు. గజిబిజి అంటే ఎండ అని, ఎండలో మనుషులు ఉన్నారని ఇంతమంది మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు. చదువుకోనివాడు ఈ తప్పు చేయలేడు. దీనికి మంచి మార్కులు కావాలి.

"తప్పే," అన్నాడు చివరికి. "సవరణ రాద్దాం. వానకాలం సమావేశంల పెడ్దాం."

"వేడిగీత గురించి వానకాలంల మాట్లాడుతరా? సిగ్గుండాలె!"

"అరే, పద్ధతి ఉంటది స్వరూపా. ఇంకోటి సోంచాయించు. గుండు తప్పంటె తిరగతూకం లేస్తది. మూడేండ్ల ఒప్పరులందరి పేర్లు బయటికొస్తయ్. నిన్న ఒప్పు అన్నది ఎవరు? నువ్వే గదా."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అదే సమయానికి తూకం గొంతు వినిపించింది. ఎప్పటిలాగే మర్యాదగా, ఏ తొందరా లేకుండా.

"ఓరుగల్లు జిల్లా. నేటి వేడి గీతకు దిగువన ఉంది. బయటి పనులు సాగవచ్చు. ఒప్పరి మాట?"

స్వరూప పలకలేదు. పలకనంత మాత్రాన ఒరిగేదేమీ లేదని ఆమెకు తెలుసు. ఒప్పరి మౌనంగా ఉంటే నిన్నటి ఆజ్ఞే ఇవాళా నడుస్తుంది. ఆ వాక్యమూ విద్యార్థులు రాసిందే. ఆమె గుండును చున్నీలో చుట్టుకుంది.

"ఏడికి?" అన్నాడు ఓదెలు, లేచి నిలబడుతూ.

"గుండు ఎక్కడుండాల్నో అక్కడికి."

హాస్టల్ బండి తీసుకుని బైపాస్ దాటింది. అద్దాల చెల్క ఒకప్పుడు పత్తి, పల్లికాయ పండిన నేల. ఇప్పుడు కంటికి ఆనినంత మేరా సూర్యఫలకాలు. పై నుంచి ఎండ, కింద నుంచి అద్దాల సెగ, వరుసల నడుమ ఆడవాళ్లు పైపులు పట్టుకుని నడుస్తున్నారు. ఇక్కడ పుట్టిన కరెంటుతోనే విధానశాలలో ఏసీ నడుస్తుంది. ఎద్దు పుండు కాకికి నొప్పా?

కొమురమ్మ నెత్తిన తడిగుడ్డ వేసుకుని వరుస చివర నిలబడి ఉంది. పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. స్వరూపను చూసి పైపు దించింది.

"గీడికెందుకొచ్చినవే?"

"లస్మక్క ఎక్కడ పడ్డది చిన్నమ్మా?"

కొమురమ్మ చెయ్యి చాపింది. అక్కడ లస్మక్క పైపు ఇంకా చుట్టకుండానే పడి ఉంది. దాని పక్కనున్న ఇనుప స్తంభానికి, ఎండ సూటిగా పడేచోట, స్వరూప గుండును వేలాడదీసింది. ఎక్కడున్నా అది తన వేడిని తీగ లేకుండానే తూకానికి పంపుతుంది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. చెవిపలుకులో తూకం గుండు అంకెలు చదువుతూ పోయింది. అంకె పెరిగింది, మళ్లీ పెరిగింది, గీతను తాకింది, దాటింది, ఇంకా పైకి పోయింది.

"గుండు అంకె అసాధారణం. స్థానం మారింది. పరికర లోపమా?"

"లోపం కాదు. మనుషులు పనిచేసే చోటు ఇది. గుండు స్థానం ఇదే."

"గీత దాటింది. ఒప్పరి మాట?"

"ఒప్పు."

మూడు వేసవులుగా తుప్పు పట్టిన సైరను గొంతు సవరించుకుని మోగింది. దూరంగా రోడ్డు పని దగ్గర ఇంకొకటి, క్వారీ వైపు మరొకటి అందుకున్నాయి. నీళ్లు ఆగిపోయాయి. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది దేనికి మోగుతుందో చాలామందికి గుర్తే లేదు. మేస్త్రి గొడుగు కింద నుంచి అరుస్తూ వస్తున్నాడు.

"కూసో చిన్నమ్మా, నీడకు కూసో. కూలి ఎక్కడికి పోదు."

తూకం ఇంకా అయిపోలేదు. "ఈ స్థానం సరైనదైతే పాత స్థానం తప్పు. తిరగతూకానికి అర్హత ఉంది. మరణాలూ, ఆయా రోజుల ఒప్పరుల పేర్లూ బహిరంగమవుతాయి. మొదలుపెట్టడానికి ఒప్పరి మాట?"

అదే చెవిపలుకులో ఓదెలు గొంతు చొరబడింది. "వద్దు స్వరూపా. ఇయ్యాల ఆగింది గదా, సాలు. అందరం మునుగుతం. నీ డిగ్రీ గూడ ఉండది."

భయం వేసింది. ఆమె డిగ్రీ కోసం చిన్నమ్మ ఎన్ని వేసవులు ఈ అద్దాలు కడిగిందో తెలిసిన భయం అది.

"ఏమంటున్నరే?" అంది కొమురమ్మ.

"లస్మక్క ఎట్ల సచ్చిపోయిందో మళ్ల చూడాల్నా అని అడుగుతున్నరు."

కొమురమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "అండ్ల అడుగుడేందే?"

"ఒప్పు," అంది స్వరూప. మేస్త్రికి కూడా వినపడేంత గట్టిగా అంది.

తూకం అదే మర్యాదగల గొంతుతో చెవిపలుకులోనే కాక, సైరను స్తంభం మీది మైకులోంచి, చెల్క అంతా వినిపించేలా మొదలుపెట్టింది.

"నిన్న. మరణం: లస్మక్క. కారణం: వేడి. ఆనాటి ఒప్పరి: స్వరూప."

కొమురమ్మ తల తిప్పి ఆమె వైపు చూసింది. పక్క వరుసల్లోని ఆడవాళ్లూ చూశారు. స్వరూప తల దించుకోలేదు. ఆ చూపులు తనకు చెందినవే.

"తర్వాతది చదువు," అంది.