కోడెదూడల మీద కుట్ర

"ఏజెంట్ సెవెన్టీన్, ఎల్లుండి నువ్వు పశువుల దళారీవి," అన్నాడు చీఫ్ సంజీవరావు.

1974. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడ మీద గది.

బాలశౌరి ఏజెంటు కాకముందు పన్నెండేళ్ళు నిజంగానే దళారీ. చదువు ఐదో క్లాసుతో ఆగిపోయింది. ఆ రెండు సంగతులూ గుర్తు చెయ్యడం చీఫ్‌కి సరదా.

"వాన్‌బెర్గ్ అని ఒక ఫారిన్ డాక్టరు. మంగళగిరి దగ్గర ఆదివారం క్యాంపు పెడుతున్నాడు. ఆబోతులుగా ఎంపికైన రెండు వందల ఒంగోలు కోడెదూడలకి చెవి వెనక చర్మంలో మాత్ర పెడతాడు. బలానికట."

"మాత్రలో ఏముంది సార్?"

"మగ హార్మోన్. మగదూడకి మంచిదేగా? అనుమానం ఢిల్లీ వాళ్ళది. చూసి రిపోర్టు రాయి. చెయ్యి చేసుకోకు."

ఆదివారం పొద్దున్నే మంగళగిరి పశువుల సంతలో ఎలిజబెత్ కనిపించింది. నల్లకళ్ళద్దాలు, షిఫాన్ చీర. డాక్టరుకి సెక్రటరీ, డిపార్టుమెంటుకి ఇన్ఫార్మర్. ఆమె అసలు ఎవరి మనిషో ఇద్దరికీ తెలియదు.

"ఏవండీ, దూడ బేరానికుందా?" కోడ్‌వర్డ్.

"చెయ్యివ్వండి మేడమ్, చెబుతాను."

తువ్వాలు కప్పి దాని కింద వేళ్ళు పట్టుకుని మాట్లాడుకోవడం దళారుల పద్ధతి. పక్కనున్నవాడికి కూడా అంతుపట్టదు. ఎలిజబెత్ వేళ్ళు పది నొక్కాయి. క్యాంపు అనుకున్నట్టు సాయంత్రం కాదు, పదింటికే. తరవాత ఆమె చూపు ఒక దూడ మీద నిలిచింది. మెడ బలిసి, మూపురం పొంగి, చూడముచ్చటగా ఉంది.

"మా డాక్టరుగారి ప్రయోగం దీని మీదే జరిగింది. పని అయిపోగానే సంతకి తోలించేశారు," అంది మెల్లగా.

వాన్‌బెర్గ్ చేసిన తప్పు అదే. బలిసిన మెడ చూసి జనం మురిసిపోతారనుకున్నాడు. కృష్ణా డెల్టాలో దూడ మెడ చూసి ఎవడూ ఆగడు. బాలశౌరి దాని వెనక కాళ్ళ మధ్య చెయ్యి పెట్టాడు. ఏడాదిన్నర దూడకి బాతుగుడ్లకి మించి ఉండాల్సిన బీజాలు, ఉసిరికాయల్లా ఉన్నాయి.

చర్నకోల పిడిలో చీఫ్‌తో మాట్లాడే ట్రాన్స్‌మిటర్ ఉంది.

"సార్, బయటినుంచి హార్మోన్ వస్తుంటే మెదడు ఇక చాలనుకుని బీజాలకి కబురు ఆపేస్తుంది. దూడ మెడ బలిసి పైకి ఆబోతులా ఉంటుంది, బీజాలు మాత్రం ఎదగవు. మన ఆబోతులు గొడ్డుపోతే, ఇక్కణ్ణుంచి పట్టుకుపోయిన ఒంగోలు జాతినే ఆ ఫారిన్ వాళ్ళు తిరిగి మనకి అమ్ముతారు."

"ఐదో క్లాసువాడివి, సైన్సు చెబుతున్నావా? మెడ బలిసిందంటే బలం వచ్చినట్టేగా!"

"మెడతో దూడలు పుట్టవు సార్."

"వెనక్కి వచ్చెయ్. దిసీజ్ యాన్ ఆర్డర్."

"సరిగ్గా వినపడటం లేదు సార్." చర్నకోలని తీసుకెళ్ళి గడ్డిమోపులో గుచ్చాడు.

పది కావస్తోంది. క్యాంపులో మొదటి దూడ, బాలశౌరికి తెలిసిన రైతు వెంకటప్పయ్యది. తల్లి ఈనిన రోజే చస్తే, చంటిపిల్లకి పట్టినట్టు సీసాతో పాలు పట్టి పెంచాడు. ఊరికి ఆబోతు కావాలని ఆశ. డాక్టరు పిస్టల్ లాంటి సూదిగొట్టం దాని చెవి వెనక ఆనించాడు.

"బాబాయ్, ఒక్క క్షణం." బాలశౌరి సంత నుంచి తోలుకొచ్చిన దూడని ముందుకు లాగాడు. "ఆ మందు దీనికిదివరకే పడింది. చెయ్యి పెట్టి చూడు."

"దళారీ గొడవలు నాకెందుకు శౌరీ? డాక్టరుగారు చదువుకున్నాయన."

"నన్ను నమ్మొద్దు. నీ చేతిని నమ్ము."

వెంకటప్పయ్య వంగి తడిమాడు. రెండోసారి తడిమాడు. ముఖం మాడిపోయింది. వాన్‌బెర్గ్ వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుంటే, వెంకటప్పయ్య ఆ మణికట్టుని పైకి విరిచాడు. మాత్ర డేరా గుడ్డని చీల్చుకుని పోయింది. మిగతా రైతులు పగ్గాలు పట్టుకుని చుట్టూ మూగారు.

"లిజ్! రివాల్వర్!" అరిచాడు డాక్టరు.

ఎలిజబెత్ బ్యాగులోంచి తీసింది. ఒక్క క్షణం డాక్టరునీ, బాలశౌరినీ చూసింది. రివాల్వర్‌ని డాక్టరు వైపు తిప్పింది.

"సారీ డాక్టర్. మా నాన్నది ఈ ఊరే."

వారం తరవాత ఢిల్లీ నుంచి రెండు కాగితాలు వచ్చాయి. ప్రశంసాపత్రం సంజీవరావుకి. ఆజ్ఞ ధిక్కరించినందుకు మూడు నెలల సస్పెన్షన్ మెమో బాలశౌరికి. బాలశౌరి ఆ మెమో పట్టుకుని వెంకటప్పయ్య కొట్టంలోకి వెళ్ళి దూడ ముందు పెట్టాడు. అది వాసన చూసి, నమిలి మింగేసింది. దానికేమీ కాలేదు.