ఖాళీ కొలనులో పిచ్చుక

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది జిగురు వాసన. ముందు గదిలో జిగురు పూసి రాత్రంతా అచ్చుల మధ్య బిగించి ఉంచిన చెక్క పలకలను ఇంటాయన ఒక్కొక్కటే ఊడదీసి, వంపు సరిగ్గా వచ్చిందో లేదో అరచేత్తో తడిమి చూసుకుంటాడు. చక్రాల మీద నిలబడి జారే స్కేట్‌బోర్డుల కంపెనీ అని పేరే గానీ, ఓనరు, వడ్రంగి, గుమాస్తా అన్నీ ఆయనే. అట్టపెట్టెల్లో సర్ది టేపు వేసేది భార్య. ఫోటోల్లో బోర్డు మీద ఎగిరేది కూతురు.

ఆ కూతురు వారం కిందట తల్లిని వంటింట్లో పట్టుకుని, ఇక బోర్డు ఎక్కనని చెప్పేసింది. చెవి మిషన్లు అమర్చే పని నేర్చుకోవడానికి వేరే ఊరు వెళ్తుందట. నాన్నకి నువ్వే చెప్పమ్మా అంది. ఆవిడ సరేనంది. అన్నంత తేలిక కాలేదు చెప్పడం. భోజనానికి కూర్చుంటే ఆకలి మీదున్నాడని, తిన్నాక కునుకు తీస్తున్నాడని వాయిదాలు వేస్తూ వచ్చింది.

ఈలోగా కొత్త బోర్డు ప్రకటనకి ఫోటోలు తీసే రోజు రానే వచ్చింది. తెలిసిన పళ్ళ డాక్టరు ఇంటి వెనక ఈతకొలనులో టైల్సు మార్చడానికని నీళ్ళు తోడేశారు. బోర్డు మీద గోడలెక్కి జారడానికి వీలుగా, గిన్నెలా గుండ్రంగా అడుగున్న కొలను దొరకడం కష్టం. మర్నాడు మేస్త్రీలు దిగుతారు, ఈ ఒక్కరోజు వాడుకోండి అన్నాడు డాక్టరు. కొత్త బోర్డుకి కూతురి ముద్దుపేరే, పిచ్చుక అని పెట్టుకున్న ఆయనకి కాళ్ళు నేల మీద ఆనలేదు. అంత సంబరంలో ఉన్న మనిషికి ఆవిడ ఏం చెబుతుంది? ఆ పూట కూడా మాట మింగేసింది.

కొలను అడుగున మిగిలిన తడిని తండ్రీకూతుళ్ళు పాతగుడ్డలతో అద్ది ఆరబెట్టారు. ఫోటోగ్రాఫరు గట్టు మీద బోర్లా పడుకున్నాడు. పిల్ల ఒక గట్టు నుంచి జారి, ఎదుటి గోడ ఎక్కి, గట్టు దాటి గాల్లోకి లేచి, బోర్డుని చేత్తో పట్టుకుని, మళ్ళీ ఆ గోడ మీదకే దిగాలి. ఈ రంగంలో ఒక కట్టుబాటుంది. నిలబడి దిగితేనే లెక్క. గాల్లో ఎంత అందంగా ఉన్నా, దిగేటప్పుడు పడితే ఆ ఫోటో ప్రకటనలో వెయ్యకూడదు. ఆయన ఇంతవరకూ ఒక్కటి కూడా వెయ్యలేదు, ఆ మాట పదిమందితో గొప్పగా చెప్పుకుంటాడు కూడా.

పిల్ల లేచింది. దిగుతూ పడింది. కింద దబ్బుమన్న చప్పుడు.

"వచ్చిందా?" అని ఆయన ఫోటోగ్రాఫర్ని అడిగాడు.

బ్రహ్మాండంగా వచ్చిందిగానీ అమ్మాయి నిలబడలేదుగా అన్నాడతను. అయితే ఇంకోసారి అన్నాడు ఆయన. పిల్ల దుమ్ము దులుపుకుని మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. ఆయన మళ్ళీ అదే ప్రశ్న ఫోటోగ్రాఫరు వైపే వేశాడు.

ఆవిడ చెప్పులు విడిచి, లోతు లేని వైపు మెట్లు దిగి, ఏటవాలు దగ్గర కూర్చుని జారుకుంటూ కూతురి దగ్గరికి చేరింది.

"ఏవండీ, పడింది పిల్ల. మీరు కెమెరాని పలకరిస్తున్నారు."

"దెబ్బ తగిలితే అదే చెబుతుందిగా."

"చెప్పదు. మీకేదీ చెప్పదు. ఇక బోర్డు ఎక్కనన్న మాట కూడా నాతోనే చెప్పిస్తోంది. నేనూ పిరికిదాన్నే, వారం నుంచి నానుస్తున్నాను."

ఆయన గట్టు అంచు మీదికి వంగి కూతుర్ని చూశాడు. నిజమేనా అని అడిగాడు.

"నిజమే నాన్నా. లెక్కలోకి వచ్చే ఆఖరి ఫోటో ఒకటి నీకిచ్చి వెళ్దామనుకున్నా. దిగితేనే లెక్క అంటావు. పడినప్పుడు కూడా నేనేగా?"

ఫోటోగ్రాఫరు ఇబ్బందిపడి, కెమెరా ఆయన చేతికిచ్చాడు. మనం నలుగురమే చూశాం, దిగిందో లేదో ఎవరికి తెలుస్తుంది, వేసుకోండి అన్నాడు. పిల్ల కూడా వేసుకోమంది. అందులో ఆకాశం ముందు కూతురు. ఆయన దాన్ని చూసి, కెమెరా తిరిగి ఇచ్చేశాడు.

"చెరిపెయ్ దాన్ని," అన్నాడు.

ఇంకా మొండితనమేనా అని ఆవిడకి ఒళ్ళు మండింది. ఆయన భార్య వంక చూసి, "ఆ కట్టుబాటు బోర్డు ఎక్కేవాళ్ళ గౌరవం కోసం పెట్టుకున్నది. నేను దాంతో పిల్లని తోలాను. బోర్డు ఫోటో లేకుండానే అమ్ముదాం," అన్నాడు.

మోకాళ్ళ నొప్పులున్న మనిషి, గోడ పట్టుకుని తనూ కిందికి జారాడు. కూతురి పక్కన చతికిలబడ్డాడు.

"ఎక్కడ తగిలిందమ్మా?"

రెండుసార్లు పడినా చుక్క కన్నీరు పెట్టని పిల్ల, ఆ మాటకి వెక్కివెక్కి ఏడ్చింది. ముందు మోచెయ్యి చూపించింది. తర్వాత భుజం. అయిపోయిందనుకున్నాడు ఆయన. పిల్ల ప్యాంటు పైకి లాగి, చీలమండ పక్కన గట్టిపడిన వాపు చూపించింది. అది ఇవాళ్టిది కాదు, రెండేళ్ళ నాటిదంది. తల్లికి కూడా ఆ సంగతి తెలియదు. ఆవిడ పాదం ఒళ్ళోకి తీసుకుంది.

"ఇంకా?" అన్నాడు ఆయన.

పిల్ల కళ్ళు తుడుచుకుని, చూడమని రెండో చెయ్యి ఆయన ముందుకి చాపింది.