పేరు లేని ఎలక్ట్రాన్లు

చంద్రుడి మీది శశాంకపురిలో ఏ గుమ్మం దాటాలన్నా ముందు రాగి పలక మీద అరచేయి ఆనించాలి. ఒంట్లో పేరుకున్న విద్యుదావేశం దిగిపోకపోతే చంద్రధూళి అంటుకుంటుంది, నిప్పురవ్వలు రేగుతాయి. అంతవరకూ బాగానే ఉండేది. డాక్టర్ మందాకిని ఆ పలకలకు తన ‘స్పర్శగణకం’ తగిలించాకే ఊళ్లో మనశ్శాంతి పోయింది.

దాని సూత్రం తేలికే. ఆవేశం కొత్తగా పుట్టదు, నశించదు. చోటు మారుతుంది, అంతే. మనిషి దేన్నయినా ముట్టుకుంటే ఇటు తగ్గిన ఎలక్ట్రాన్లు అటు పెరుగుతాయి. ఆ రెండు సంఖ్యలనూ జతచేసి, ఎవరు దేన్ని ముట్టారో గణకం చెప్పేస్తుంది. ఇంకేముంది! కరచాలనాలు ఆగిపోయాయి. మొగుడూ పెళ్లాలు కూడా ఆచితూచి ముట్టుకోసాగారు.

ఆ ఉదయం అత్యవసర నీళ్ల ట్యాంకు తాళం ఎవరో తీశారు. గణకం పినాకపాణి పేరు చెప్పింది. అతను మందాకిని ప్రయోగశాలలోనే భౌతిక శాస్త్రవేత్త. శిక్షగా ఊరి కౌన్సిల్ అతణ్ణి సాయంత్రం నౌకలో భూమికి పంపేస్తుంది. ఏళ్ల తరబడి చంద్రుడి మీద బతికిన ఎముకలు అక్కడి బరువుకు నిలవవని అందరికీ తెలుసు.

“ఒట్టు మేడమ్, నేనటు వెళ్లనే లేదు! ఎలక్ట్రాన్లన్నీ ఒకే అచ్చు కదండీ. అవి నావేనని ఎలా చెప్తారు?” అన్నాడతను.

“ఆవేశం అబద్ధమాడదు పాణీ. నీ మీద నాకు మొదట్నించీ అనుమానమే,” అంది మందాకిని.

అతణ్ణి తీసుకెళ్లాక గణకాన్ని ఊరికే అడిగింది. “ఆ పూట సరిగ్గా అన్నే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?”

“ఒక్కరున్నారు. మీరు.”

“నోర్ముయ్! నేను ఆ ఛాయలకే వెళ్లలేదు.”

“పినాకపాణి కూడా అదే అన్నాడు.”

“మరి ఇందాక చెప్పవేం?”

“మీరు అతని సంగతే అడిగారు. అనుమానం ఉన్నవాళ్లతోనే సరిపోల్చమని నేర్పింది మీరే. రెండో పేరు కౌన్సిల్‌కు పంపనా? పంపితే అతని ప్రయాణం ఆగుతుంది. మీ మీద విచారణ మొదలవుతుంది.”

మందాకినికి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది.

“నా పేరు తీసెయ్,” అంది చివరికి.

సాయంత్రం నౌక వెళ్లిపోయింది.

భోజనశాల గుమ్మం దగ్గర వరసలో మందాకిని వంతు వచ్చింది. రాగి పలక దాకా వెళ్లిన చేతిని వెనక్కి లాక్కుంది.

“అదేంటి మేడమ్, చేయి పెట్టరేం?” అని అడిగింది వెనకున్నావిడ.

అందరూ ఆమె చేతివైపే చూస్తున్నారు.